సబ్బు మేడమ్, ఊదే బాబాయి

జూన్ 9

బాబాయ్‌కి,

ముందు ఒక శుభవార్త, తర్వాత ఒక హెచ్చరిక. మా కాలేజీలో పరిశుభ్రత ప్రచారానికి నన్ను నాయకురాలిని చేశారు. పోటీలు, ఎన్నికలు అని ఏవేవో ఊహించుకుని బజారంతా చెప్పకు. ప్రజారోగ్యం మేడమ్ క్లాసులోకొచ్చి "ఎవరు చేస్తారు?" అని అడిగారు. అందరూ తలలు దించుకున్నారు. నేను అప్పటికే కిందపడ్డ పెన్ను కోసం వంగి ఉన్నాను. సరిగ్గా ఆ క్షణానికే పైకి లేచాను. అంతే, నాయకత్వం నెత్తిన పడింది.

అప్పట్నుంచి నా బతుకంతా ఒక సూక్ష్మజీవి చుట్టూ తిరుగుతోంది. పేరు హెలికోబ్యాక్టర్ పైలోరీ. తడబడకుండా పలకడానికే నాకో రోజు పట్టింది. అది మనిషి కడుపులో కాపురం పెడుతుంది. అంత ఆమ్లంలో ఏది బతుకుతుందిలే అనుకుంటాం గానీ, ఇది కొన్నేళ్ళ తరబడి దర్జాగా ఉండిపోతుంది. చాలామందికి ఉన్నట్టు కూడా తెలియదు. కొందరికి మంట, కొందరికి పుండు, ఏ కొద్దిమందికో ఇంకా పెద్ద జబ్బు. మురికి చేతులు, మురికి నీళ్ళు, ఒకరి నోటి నుంచి ఇంకొకరి నోటికి, ఇవీ అది వచ్చే దారులు.

ఇక హెచ్చరిక. నిన్న పోస్టరు మీద "నోటి నుంచి నోటికి" అని రాస్తుంటే నువ్వు కళ్ళముందు కనిపించావు. బ్యాండు వాళ్ళు క్లారినెట్టో ట్రంపెట్టో రిపేరుకి తెస్తే నువ్వు మొదట చేసేదేంటి? దాని మౌత్‌పీసుని చొక్కాకి ఒక్క తుడుపు తుడిచి నోట్లో పెట్టుకుంటావు. "ఊదితేనే కదే దాని రోగం తెలిసేది" అంటావు. ఊరి సంగీతమంతా నీ నోటి గుండానే పోతోంది బాబాయ్! తలుచుకుంటే ఒళ్ళు జలదరించింది.

కాబట్టి ఇవాళ్టి నుంచి భోజనానికి ముందు, బాత్రూముకి వెళ్ళొచ్చాక సబ్బుతో చేతులు కడుక్కో. ఏ మౌత్‌పీసు వచ్చినా మరిగే నీళ్ళలో వేసి తీశాకే నోట్లో పెట్టుకో. ఇది నేను చెప్పేది కాదు, సైన్సు చెప్పేది.

ఫోను చేద్దామనుకున్నాను. కానీ ట్రంపెట్లు నీ చెవులని ఎప్పుడో తినేశాయి. క్రితంసారి "చేతులు కడుక్కుంటున్నావా" అని నేను ఫోనులో అరిచిన అరుపుకి హాస్టల్లో పక్కగదివాళ్ళు వెళ్ళి కడుక్కుని వచ్చారు. నువ్వు మాత్రం "సరే మరి, ఉంటాను" అని పెట్టేశావు. అందుకే ఈ కాగితం. పోస్టరు కూడా జతచేశాను, బొమ్మ నేనే గీశాను.

నీ పిడుగు
ఇక్కడ అందరూ పెట్టిన పేరు సబ్బు మేడమ్

* * *

జూన్ 18

ఒసే పిడుగా,

నువ్వు నాయకురాలివయ్యావని బజారంతా చెప్పేశాను. చెప్పొద్దన్న ముక్క ఉత్తరంలో మూడో వాక్యంలో ఉంది. నేను రెండో వాక్యం చదవగానే వీధిలోకి పరిగెత్తాను. తప్పు నాదా?

పోస్టరు షాపులో బల్ల వెనక గోడకి అతికించాను. బొమ్మ బాగుందే. కాకపోతే ట్రాంబోన్ ఊదే ఆయన దాని ముందు చాలాసేపు నిలబడి "ఈ సంచి వాయిద్యం ఎక్కడిది, కొత్తగా తెప్పించావా?" అని అడిగాడు. కడుపయ్యా అంటే నమ్మడు. గొట్టం ఎక్కడ ఊదాలో కూడా చూపించాడు. ఇంకొకావిడ కింద రాసిందంతా చదివి, నా మొహం చూసి, "పాపం, ఎప్పట్నుంచి?" అంది. రోగం నాకేననుకుంది. ఆమె ఫ్లూటు మాత్రం ఇవ్వకుండానే వెళ్ళిపోయింది.

ఇక నీ మరిగే నీళ్ళ సంగతి. ఎలా చెప్పాలో తెలియడం లేదు, చెప్పకపోతే నిద్రపట్టేలా లేదు. మన బ్యాండు మాస్టారు లేరూ, నాతో ప్రతి సాయంత్రం టీ తాగే ఆయన? ఆయన క్లారినెట్టు వచ్చింది. ఆ మౌత్‌పీసు ఆయన గురువుగారు వాడింది. నల్ల ఎబొనైటు, గట్టి రబ్బరు లాంటిది, అద్దంలా ఉండేది. దాన్ని నీళ్ళలో వేసి మరిగించాను. తీసి చూస్తే పైన ఆకుపచ్చగా పాచి పట్టిన రంగు, మూతి ఒక పక్కకి వంకర. ఊదితే బాతు అరిచినట్టు అరిచింది.

నాకు తెలియదా అని అడుగుతావేమో. ఎందుకు తెలియదు! ఎబొనైటుకి వేడి తగలనివ్వకండయ్యా అని వచ్చిన ప్రతివాడికీ నోరు నొప్పెట్టేలా చెప్పేది నేనే కదా. నీళ్ళలో వేసేటప్పుడు కూడా మనసులో అనుకున్నాను, ఇది పాడైపోతుందిరా అని. కానీ పిల్ల రాసింది, సైన్సు అని రాసింది, దానికి నాకంటే ఎక్కువ తెలియకపోతే అంతంత పుస్తకాలెందుకు అనుకుని వేసేశాను. నా అంత తెలివైన మూర్ఖుడు ఈ వృత్తిలో ఇంకొకడు ఉండడు.

సైన్సు అని పిల్ల రాసిందండీ అన్నాను. మాస్టారు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. దాన్ని జేబురుమాల్లో చుట్టుకుని వెళ్ళిపోయారు. టీకి రావడం మానేశారు.

చేతులు కడుక్కుంటున్నాను. సబ్బు అరిగిపోతోంది.

ఇట్లు,
ఊరి సంగీతాన్ని ఉడకబెట్టిన నీ బాబాయి

* * *

జూలై 1

బాబాయ్,

నీ ఉత్తరం చదివి నవ్వాను, తర్వాత ఏడ్చాను, తర్వాత మేడమ్ దగ్గరికి వెళ్ళి అడిగాను. "ఎబొనైటుని మరిగించమని ఎవరు చెప్పారమ్మా? గోరువెచ్చని నీళ్ళు, కాస్త సబ్బు చాలు కదా" అన్నారావిడ. ఎవరు చెప్పారో నేను చెప్పలేదు. మాస్టారికి నా తరఫున క్షమాపణ చెప్పు. నా నోటికి సైన్సు అనే మాట మరీ సులువుగా వస్తోంది, కాస్త తాళం వెయ్యాలి.

ఇక్కడ నా పరువు కూడా ఏమీ మిగల్లేదులే. మొదట మేం విద్యార్థులందరికీ ప్రశ్నలు పంచాం. చేతులు ఎప్పుడు కడగాలి, ఎంతసేపు కడగాలి, ఈ సూక్ష్మజీవి ఎలా వస్తుంది అని. అందరూ ఆరోగ్యశాస్త్రం చదివేవాళ్ళే కదా, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు దించేశారు. నేను పొంగిపోయాను. మేడమ్ మాత్రం పెదవి విరిచారు. "తెలిసింది రాశారు. చేసేది చూద్దాం" అని ఒక జూనియర్ అమ్మాయిని క్యాంటీన్ సింకు పక్కన, ఎవరికీ అనుమానం రాకుండా కూర్చోబెట్టారు.

వారం తర్వాత ఆ అమ్మాయి క్లాసు ముందు నిలబడి చూసిందంతా చెప్పింది. సగంమంది సింకు వైపు కూడా చూడలేదట. కొందరు వేళ్ళ చివర్లు తడిపి జుట్టు సర్దుకున్నారట. "అన్నిటికంటే వింత ఏంటంటే, ఒకావిడ చంకలో చేతులు కడుక్కోండి అనే పోస్టర్లు పెట్టుకుని, సింకు దాటుకుని తిన్నగా వెళ్ళి బ్రెడ్డు తీసుకుని తింది" అంది. క్లాసంతా పడీపడీ నవ్వారు. నేనూ అందరికంటే గట్టిగా నవ్వాను. నవ్వుతూ ఉండగా ఆ అమ్మాయి నా చంకలోని పోస్టర్ల వైపు చూసి ఆగిపోయింది. అప్పుడు వెలిగింది నాకు.

అక్కడితో అయిపోలేదు. మా డిపార్టుమెంటుకి ఊపిరి పరీక్ష చేసే పరికరం తెచ్చారు. ఒక ద్రావణం తాగి, కాసేపాగి, సంచిలోకి ఊదాలి. కడుపులో ఈ జీవి ఉంటే ఊపిరిలో తెలిసిపోతుంది. నాయకురాలిని కదా, నేనే ముందు అని ఎగబడ్డాను. ఉంది బాబాయ్. నాకే ఉంది. ఇన్నాళ్ళూ పొద్దున్నే వచ్చే ఆ మంట పరీక్షల భయం అనుకున్నాను.

ఇది చాలామందికి చిన్నప్పుడే, ఇంట్లోనే అంటుకుంటుందట. కాబట్టి నీకూ ఉండొచ్చు. నీ కడుపు ఎలా ఉంటోంది? నిజం రాయి. నువ్వు "బ్రహ్మాండం" అని రాస్తే నమ్మను.

కడుగుడు కమిటీ అధ్యక్షురాలు, కడుక్కోని మనిషి

* * *

జూలై 10

పిడుగుకి,

ఇంట్లోనే అంటుకుంటుందని రాశావు. చదివి పక్కన పెట్టాను. మళ్ళీ తీసి చదివాను. మన ఇంట్లో అంటే నువ్వూ నేనూ తప్ప ఎవరున్నారే? అన్నయ్యా వదినా పోయేసరికి నీకు ఇంకా చెప్పులు ఏ కాలివి ఏ కాలికో తెలియదు. అప్పట్నుంచి నీకు అంటుకున్నదేదైనా నా దగ్గర్నుంచే అంటుకోవాలి.

నాకు వంట రాదు, పిల్లల్ని పెంచడం అంతకంటే రాదు. నీకు తినిపించేటప్పుడు వేడిగా ఉందేమోనని ప్రతి ముద్దా ముందు నేను ఊదేవాణ్ణి. ఊదడం ఒక్కటే కదా నాకు వచ్చిన విద్య. పాలు ఎంత వేడో చూడటానికి నేనొక గుక్క తాగి అదే గ్లాసు నీకిచ్చేవాణ్ణి. చెంచా కూడా ఒక్కటే. కడగడానికి బద్ధకం, నిజమే ఒప్పుకుంటాను. అంత శ్రద్ధగా పెంచానని ఇన్నేళ్ళూ ఛాతీ విరుచుకుని తిరిగాను. తీరా చూస్తే నీకు ముద్దకొక పురుగు పెట్టానన్నమాట.

కోపం లేదే. బాధేసింది, అంతే.

సరే, ఇక ఇల్లు చూస్తే గుర్తుపట్టలేవు. గిన్నెలన్నీ తోమాను. చెంచాలు కొత్తవి కొన్నాను, మనిషికొకటి, ఉన్నది నేనొక్కణ్ణే అయినా. షాపులో బల్ల రెండుపూటలా కడుగుతున్నాను. చేతులు కడిగి కడిగి వేళ్ళు ముడతలు పడ్డాయి, స్క్రూడ్రైవరు జారిపోతోంది. ఇంత కడిగాక ఏ పురుగైనా ఉంటుందా? నా కడుపులో ఉన్నా సిగ్గుపడి వెళ్ళిపోయి ఉంటుంది. కాబట్టి నా గురించి బెంగపెట్టుకోకు.

కడుపు మామూలుగానే ఉంది. ఖాళీగా ఉన్నప్పుడు కాస్త లాగుతుంది, బిస్కెట్టు తింటే ఊరుకుంటుంది. ఎక్కువ తింటే బరువుగా ఉంటోందని కొంచెమే తింటున్నాను. వంగి పనిచేసి మెడ పట్టేస్తే రోజూ ఒక నొప్పి మాత్ర వేసుకుంటాను, దాంతో అన్నీ సర్దుకుంటాయి. పైగా సన్నబడ్డానే! బెల్టుకి మేకుతో కొత్త చిల్లు పొడిచాను, మళ్ళీ ఇంకోటి. పక్క షాపతను "ఏంటి గురూ, కుర్రాడివైపోతున్నావు" అంటున్నాడు. వెనక నుంచి చూస్తే పెళ్ళిచూపులకి వెళ్ళొచ్చు.

నీ కడుపు నువ్వు చూసుకో. నన్ను క్షమించు.

పురుగుల పెంపకందారు,
బాబాయి

* * *

జూలై 16

బాబాయ్,

ఈ ఉత్తరంలో జోకులు వెతక్కు, లేవు.

మొదటిది. నేను నిన్ను ఏమీ అనలేదు. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ప్రపంచంలో ఎవరూ చెప్పలేరు. నీళ్ళలో వచ్చి ఉండొచ్చు, బడిలో వచ్చి ఉండొచ్చు. నువ్వు ముద్ద ఊదిపెట్టకపోతే నేను తినేదాన్నే కాదు, అది నాకు గుర్తుంది. ఇంకెప్పుడూ క్షమించు అని రాయకు.

రెండోది. చేతులు కడుక్కుంటే కొత్తగా రాకుండా ఉంటుంది. లోపల ఉన్నది కడిగితే పోదు, సిగ్గుపడీ పోదు. దానికి మందులు వాడాలి. ఇది నేను మొదటి ఉత్తరంలోనే రాయాల్సింది. నేను రాసిందంతా సబ్బు గురించే. నా పోస్టరు చూసి ఊరంతా చేతులు కడుక్కుని కడుపునొప్పితో కూర్చుంటుంది కాబోలు. అందుకే మందుల గురించి కొత్త పోస్టరు గీశాను, ఒకటి నీకూ పంపుతున్నాను.

మూడోది. బెల్టు. తక్కువ తింటున్నావు, సన్నబడుతున్నావు, ఖాళీ కడుపున నొప్పి. దాని మీద రోజూ నొప్పి మాత్ర! ఆ మాత్రలు కడుపుని ఇంకా కోస్తాయి బాబాయ్. ఇవాళే ఆపెయ్యి. రేపే డాక్టరు దగ్గరికి వెళ్ళు. నాన్న కడుపులో గడ్డతో పోయాడని నీకు గుర్తుచెయ్యక్కర్లేదు. నాన్న కూడా మొదట సన్నబడ్డాడని, అందరూ బాగున్నావని అన్నారని నువ్వే నాకు చెప్పావు.

డాక్టరుకి ఏమీ దాచకు. నాన్న సంగతి, బరువు సంగతి, మాత్రల సంగతి అన్నీ చెప్పు. వినపడకపోతే కాగితం మీద రాయించుకో.

నేను మాత్రలు మొదలుపెట్టాను. నోట్లో ఎప్పుడూ పాత తాళంచెవి చప్పరిస్తున్నట్టు ఉంటోంది.

పిడుగు

* * *

జూలై 25

పిడుగమ్మా,

వెళ్ళాను. నువ్వు గదమాయించాక వెళ్ళకుండా ఉండే ధైర్యం నాకెక్కడిది? డాక్టరు చిన్న వయసువాడు, ఓపిక ఉన్నవాడు. ప్రతి మాటా పెద్ద అక్షరాలతో రాసి చూపించాడు. పొట్ట నొక్కాడు, తూకం చూశాడు. మీ నాన్న సంగతి చెప్పగానే పెన్ను కింద పెట్టి నా మొహం చూశాడు. నాకా చూపు నచ్చలేదు.

సంచిలోకి ఊదే పరీక్ష నాకు చాలదట. అంతోటి ఊదే మనిషికి ఊదే పరీక్ష పనికిరాకపోవడం అవమానం కాదూ? నోట్లోంచి కెమెరా ఉన్న గొట్టం కడుపులోకి దించి చూడాలన్నాడు. నేను రోజూ క్లారినెట్ల గొంతులోకి బ్రష్షు దూర్చేవాణ్ణి, అవి ఏమనుకునేవో ఇప్పుడు తెలుస్తోంది.

నేను చేయించుకోను. ఇప్పుడు కాదు. ఊరేగింపుల పని నెత్తిన ఉంది, షాపులో ట్రంపెట్లు వరసకట్టి ఉన్నాయి. అవన్నీ అయ్యాక చూద్దాం. నొప్పి మాత్రలు మానేశాను, మెడ కర్రలా బిగుసుకుంది. ఎవరైనా పక్కనుంచి పిలిస్తే మనిషి మొత్తం తిరగాలి. కోపంగా తిరిగాననుకుని జనం హడలిపోతున్నారు.

ట్రంపెట్లూ ఊరేగింపులూ అంతా వట్టిదే. నీ దగ్గర దాపరికం ఎందుకు? మీ నాన్నని కూడా ఇలాగే గొట్టం వేసి చూశారు. అంతకుముందు రోజు దాకా మనిషి నవ్వుతూ ఉన్నాడు. చూశాక ఇంకెప్పుడూ అలా నవ్వలేదు. చూడకపోతే ఉన్నది లేకుండా పోదని నాకూ తెలుసు. కానీ చూడనంతకాలం నేను బల్ల దగ్గర కూర్చుని పని చేసుకోగలను.

నువ్వు నీ కోర్సు పూర్తిచెయ్యి. మధ్యలో ఆపితే ఆ పురుగు మొండికేస్తుందని నీ కొత్త పోస్టరు మీదే రాసి ఉంది.

మొత్తం తిరిగే బాబాయి

* * *

ఆగస్టు 1

బాబాయ్,

నీ చివరి వాక్యం నన్ను చెంపమీద కొట్టింది. ఎందుకంటే నేను కోర్సు ఆపేశాను.

ఆ తాళంచెవి రుచి భరించలేకపోయాను. వికారం. వారం తర్వాత మంట తగ్గింది కదా, ఇంకెందుకు అనుకున్నాను. "మంట తగ్గినా మందు మానొద్దు" అని ఎర్ర అక్షరాలతో రాసింది నేనే, ఆ పోస్టరు నా మంచం పైనే ఉంది. దాని కిందే పడుకుని మందు మానేశాను. మా గదిలో అమ్మాయి పోయి మేడమ్‌కి చెప్పేసింది. మేడమ్ నన్ను తిట్టలేదు. "నువ్వు రోగివైతే డాక్టర్లకి మంచి పాఠం" అన్నారు. డాక్టరు చూసి, మందు మార్చి, మొత్తం కోర్సు మళ్ళీ మొదటినుంచి అన్నారు. ఇప్పుడు వేళకి మింగుతున్నాను. మింగేటప్పుడల్లా గదిలో అమ్మాయి నోరు తెరిచి చూపించమంటోంది.

అందుకని నిన్ను కోప్పడే అర్హత నాకు లేదు. అయినా కోప్పడతాను. నువ్వు భయపడుతున్నావని చెప్పావు చూడు, అది చదివి నాకు నీ మీద చచ్చేంత ప్రేమ వచ్చింది, వెంటనే కోపం కూడా వచ్చింది. నాన్నకి ఆలస్యంగా చూశారు. గొట్టం వేసినందుకు జబ్బు రాలేదు. నీది వట్టి పుండే అయితే రెండువారాల మందులతో పోతుంది. తెలియాలంటే చూడాలి.

ఒప్పందం చేసుకుందాం. నేను ఒక్క మాత్ర కూడా వదలను. నువ్వు గొట్టం వేయించుకో. ఏం చెయ్యాలో రాస్తున్నాను, గోడకి అతికించుకో. ముందురోజు రాత్రి తేలికగా తిను. పొద్దున్న ఏమీ తినకు, తాగకు. వదులు చొక్కా వేసుకో. కట్టుడు పన్ను తీసెయ్యి. గొంతులో మందు కొడతారు, మొద్దుబారుతుంది, కంగారుపడకు. మత్తిస్తారు, నిద్రపోతావు, లేచేసరికి అయిపోతుంది. వాడే మందులన్నీ వెంట తీసుకెళ్ళు. అయ్యాక వెంటనే ఉత్తరం రాయి.

నోరు తెరిచి చూపించే పిడుగు

* * *

ఆగస్టు 9

పిడుగూ,

వెళ్ళాను. నువ్వు రాసిందల్లా అక్షరం పొల్లుపోకుండా చేశాను. తేలికగా తిన్నాను. పొద్దున్న పచ్చి నీళ్ళు ముట్టలేదు. వదులు చొక్కా వేసుకున్నాను, ఈమధ్య నాకున్నవన్నీ వదులువే. కట్టుడు పన్ను డబ్బాలో పెట్టుకున్నాను. పేరు పిలిచారు, పక్కనున్నాయన మోచేత్తో పొడిస్తే లేచాను. ఇంత ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందిరా అని నన్ను నేనే మెచ్చుకుంటూ లోపలికి నడిచాను.

నర్సమ్మ నా చెవి దగ్గరికొచ్చి అడిగింది, "మీతో ఎవరొచ్చారు?"

నేనే వచ్చాను అన్నాను. మత్తిస్తాం, తోడు మనిషి ఉండాలి, లేకపోతే చెయ్యం అంది. నేను నడిచి వెళ్ళగలనమ్మా, ఇల్లు దగ్గరే అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. "కొడుకో కూతురో, స్నేహితులో, ఎవరో ఒకరు ఉంటారు కదండీ?" అని గట్టిగా అడిగింది. హాల్లో అందరూ నావైపు తిరిగారు. పన్ను లేకుండా నోరు తెరవడానికి సిగ్గేసి చేత్తో మూతి కప్పుకున్నాను. బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను.

మాస్టారిని అడుగుదామనుకున్నాను. వాళ్ళింటి దాకా వెళ్ళి, గేటు మీద చెయ్యి వేసి, వెనక్కొచ్చేశాను. ఆయన వస్తువు పాడుచేసి ఆయన్నే తోడు రమ్మనడానికి నాకు మొహం చెల్లలేదు.

ఇంటికొచ్చి గోడకి అతికించిన నీ కాగితం మళ్ళీ చదివాను. అన్నీ ఉన్నాయే అందులో, ఒక్కటి తప్ప. నేను వస్తాను అని లేదు. నిన్ను తప్పుపట్టడం లేదు. నీకు పరీక్షలు, ప్రచారాలు. పైగా రమ్మని నేనెప్పుడు అడిగాను కనక? నీ చదువుకి అడ్డం రాకూడదని నాకు పెద్ద పౌరుషం. జ్వరమొచ్చినా జలుబన్నాను. ఆ పౌరుషాన్ని ఇవాళ మెట్ల మీద కూర్చున్నప్పుడు చూశాను. బొత్తిగా పనికిరాని సరుకు.

కాబట్టి అడుగుతున్నాను. నాకు భయంగా ఉంది. ఒక్కణ్ణే వెళ్ళలేను. నువ్వు రా.

బాబాయి

* * *

ఆగస్టు 13

బాబాయ్,

రేపు పొద్దున్న బండికే బయలుదేరుతున్నాను. ఈ కాగితం కంటే నేనే ముందు వస్తానేమో, అయినా రాయకుండా ఉండలేకపోయాను.

తోడు మనిషి ఉండాలని నాకు తెలుసు. మా పుస్తకంలో ఉంది, పరీక్షలో రాశాను, మార్కులు కూడా వచ్చాయి. నీకు రాసేటప్పుడు పన్ను దాకా గుర్తొచ్చింది, నేను గుర్తురాలేదు. కాగితం మీద నీకు నర్సునయ్యాను, మేడమ్‌నయ్యాను, కూతురిని కావడం మర్చిపోయాను.

ప్రాక్టికల్ పరీక్ష తర్వాత పెడతామన్నారు మేడమ్. పెట్టకపోయినా వచ్చేదాన్నే.

తలుపు గడియ పెట్టకు, నేను కొడితే నీకు వినపడదు.

వస్తున్నాను.

పిడుగు

* * *

ఆగస్టు 19, ఆసుపత్రి, నీ మంచం పక్కన

బాబాయ్,

ఇప్పుడే కళ్ళు తెరిచావు. నీకు నా మాట వినపడదు. నీ గొంతు మొద్దుబారి ఉంది, కాసేపు మాట్లాడొద్దన్నారు. మంచానికి ఇటూ అటూ ఉండి కూడా మనం ఉత్తరాలే రాసుకోవాల్సి వచ్చింది. నువ్వు నోరు తెరిచి ఏదో అంటున్నావు, బాతు అరిచినట్టుంది. పడుకో. చదువు.

డాక్టరు చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను, నా సొంత సైన్సు ఏమీ కలపడం లేదు. నీ కడుపులో పుండు ఉంది. లోతుగా లేదు, రక్తం కారడం లేదు. గడ్డ ఏదీ లేదు. మళ్ళీ రాస్తున్నాను, గడ్డ లేదు. కడుపు లోపలి నుంచి చిన్న ముక్క తీసి పసుపురంగు మందులో వేశారు, బయటికి తెచ్చి చూపిస్తే నా కళ్ళముందే గులాబీరంగుకి తిరిగింది. అంటే మన పురుగే. నాకున్నదే నీకూ ఉంది. ఇంకో ముక్కని ల్యాబుకి పంపారు, పద్ధతి ప్రకారం అదీ చూడాలి. వచ్చేవారం చెబుతారు. "మీరు భయపడేది నాకక్కడ కనిపించలేదు" అన్నారు డాక్టరుగారు. నేను రెండోసారి అడిగితే రెండోసారి కూడా అదే చెప్పారు. మూడోసారి అడిగితే నర్సమ్మ నన్ను కూర్చోబెట్టింది.

రెండువారాలు మందులు వాడాలి. నోట్లో తాళంచెవి రుచి వస్తుంది. నువ్వు మింగినప్పుడల్లా నేను నోరు తెరిపించి చూస్తాను, కోర్సు అయ్యేదాకా ఇక్కడే ఉంటాను.

మాస్టారు బయట బెంచీ మీద కూర్చున్నారు. నేను చెప్పలేదు, పక్క షాపతను చెప్పాడట. నన్ను చూసి "సైన్సు నువ్వేనా అమ్మా?" అని అడిగారు. అవునన్నాను. పక్కన కూర్చోమని జరిగారు.

నువ్వు లోపల ఉన్నంతసేపూ నేను చాలా భయపడ్డాను బాబాయ్. సూక్ష్మజీవులు, ఆమ్లాలు ఒక్కటీ గుర్తురాలేదు. నువ్వు లేకపోతే నాకు ఎవరూ లేరు అన్నదొక్కటే గుర్తొచ్చింది.

కాగితం వెనక జాగా ఉంది. ఏమైనా రాయాలనుకుంటే రాయి.

* * *

అదే కాగితం వెనక

చదివాను. గడ్డ లేదు అన్న చోట రెండుసార్లు చదివాను. నా కన్నీళ్ళు మందు వల్ల అనుకుంటోంది నర్సమ్మ, అనుకోనీ.

మాస్టారిని లోపలికి పిలువు. పన్ను పెట్టుకున్నాక పిలువు.

అక్షరాలు కోడి గెలికినట్టున్నాయని తిట్టకు, ఎడమచేత్తో రాస్తున్నాను. కుడిచెయ్యి నువ్వు పట్టుకుని కూర్చున్నావు. నీకు తెలుస్తోందో లేదో, వేళ్ళు తిమ్మిరెక్కేలా పట్టుకున్నావు. వదలమని అడగబుద్ధి కావడం లేదు.